చూడకుండా రాసిన సినిమా

మా పరిచయం ఒక ఫిర్యాదుతో మొదలైంది. ఫిర్యాదు నా మీదే, తప్పూ నాదే.

అప్పట్లో నేనొక వారపత్రికలో ‘ఏ కాలానికి ఏ సినిమా’ అనే శీర్షిక రాసేవాణ్ణి. అన్నీ పాత హాలీవుడ్ సినిమాలే, నలుపు తెలుపువి. మొదటి వానకు ఒకటి, చలికాలం సెలవులకు ఒకటి, పెళ్లిరోజుకు ఒకటి, పరీక్ష తప్పినవాళ్లకు ఒకటి. అన్నీ కూర్చుని చూసే ఓపిక ఎవరికుంది? డిస్కు కవరు మీద బొమ్మ చూసి, వెనకున్న నాలుగు ముక్కలు చదివి, మిగతాది అల్లేసేవాణ్ణి. గొడుగుంటే వానాకాలం, మంచుంటే చలికాలం. ఒకసారి నేను పెళ్లిరోజుకని మెచ్చుకున్న సినిమాలో పెళ్లాం మొగుడికి విషం పెడుతుందట. ఒక పెద్దాయన ఫోన్ చేసి, “మా ఆవిడ కాఫీ ఇచ్చినప్పుడల్లా నావైపు చూసి నవ్వుతోంది బాబూ” అన్నాడు. ఆఫీసంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం.

ఆమె వచ్చిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

బయట వాన. ఆమె నీళ్లు కారుతున్న గొడుగును తెచ్చి సరిగ్గా నా కాగితాల మీద పెట్టింది. మా వీధి చివర కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే అమ్మాయి. రోజూ ఆ షాపు ముందుకొచ్చేసరికి నా నడక నెమ్మదించే మాట నిజమే. ఆమె నన్ను చూడటం మాత్రం అదే మొదటిసారి.

“ఈ పేజీ రాసేది మీరేనా?”

“నేనేనండీ.” అభిమాని అనుకుని కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు.

“పిల్లల పుట్టినరోజుకి ఆ రంగులరాట్నం ఉన్న ఇంగ్లీషు సినిమా చూపించమన్నారు. ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వుకోవచ్చని రాశారు. మీరు చూశారా అది?”

“అంటే, చూడటమంటే...”

“చూశారా, లేదా?”

“కవరు చూశానండీ.”

ఆమె నన్ను తేరిపార చూసింది. “నేను అద్దాలు చేస్తాను. కళ్ళు చూడకుండా నంబరు మాత్రం వెయ్యను.”

తర్వాత నిలబడే అంతా చెప్పింది. వాళ్ళక్క ఆసుపత్రిలో చనిపోయి నాలుగు నెలలైంది. అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలుస్తారు. ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పట్నుంచి అంత్యక్రియలయ్యేదాకా నాలుగు రోజులూ పిడుగును స్నేహితురాలి ఇంట్లో ఉంచారు. బావ ఓడ మీద ఇంజనీరు. అంత్యక్రియలకు వచ్చి, కూతురికి చెప్పలేక, ‘మళ్ళీ వచ్చినప్పుడు నేనే చెప్తాను, అందాకా వైద్యానికి దూరం వెళ్ళిందనండి’ అని ఓడెక్కేశాడు. అప్పట్నుంచి ఈమె వారానికో ఉత్తరం అక్క రాసినట్టు రాసి, పిడుగుకు చదివి వినిపిస్తోంది.

“మీ సినిమాలో తండ్రి కూడా అదే పని చేస్తాడు,” అంది. “చనిపోయిన తల్లి రాసినట్టు కూతురికి ఉత్తరాలు రాస్తాడు. సగం రాసిన ఉత్తరం ఆ పిల్ల కంటపడుతుంది. పుట్టినరోజని పెడితే, అక్కడికొచ్చేసరికి పిడుగు టీవీ వదిలేసి నావైపు తిరిగింది. నేను ఆపేశాను. పదకొండు రోజులైంది. తినమంటే తింటుంది, జడ వేస్తే వేయించుకుంటుంది. నాతో ఒక్క మాట లేదు.”

“నేనేం చెయ్యగలను?”

“వచ్చి చెప్పండి. అదంతా ఉత్త కథ, నిజంగా అలా జరగదు అని.”

ఆదివారం వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు గదులు. వానకు బట్టలన్నీ లోపలే ఆరేశారు. పిడుగు వాటి కింద కూర్చుని బొమ్మలు గీస్తోంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపే తలెత్తింది.

“ఆ సినిమా మీరు చూశారా?”

వారంలో ఇద్దరు అదే ప్రశ్న వేశారు. ఆ ఇంట్లో అప్పటికే అబద్ధం మనిషంత ఉంది. నాదొకటి పెట్టడానికి చోటు లేదనిపించింది.

“లేదమ్మా.”

“అయితే చివర ఏమవుతుందో మీకూ తెలీదు. చూసి రండి.”

మెట్ల మీద ఆమె నన్ను నిలేసింది. “నేను చెప్పమన్నదేంటి, మీరు చెప్పిందేంటి?”

“మీరు చెప్పమన్నది అబద్ధమండీ. కాగితం మీదైతే వచ్చుగానీ మొహమ్మీద చెప్పడం నాకు రాదు.”

ఆ సాయంత్రమే సినిమా చూశాను. మర్నాడు మళ్ళీ చూశాను. తర్వాతి సంచికలో ఉన్నదున్నట్టు రాసేశాను, ఇన్నాళ్ళూ చూడకుండానే రాశానని. ఎడిటర్ గారు శీర్షిక ఎత్తేసి నన్ను వాతావరణం పేజీకి మార్చారు. అక్కడా చూడకుండా రాసుకోవచ్చని ఓదార్చారు.

కళ్ళు పరీక్ష చేయించుకుంటానన్న వంకతో షాపుకెళ్ళాను.

“మీ కళ్ళకేం రోగం లేదు,” అంది ఆమె. “వాడటమే రావట్లేదు.” అని, చేతిలో అద్దం తుడుస్తూ, “చివర ఏమవుతుంది?” అనడిగింది.

“తండ్రి చెప్పేస్తాడు. చాలా ఆలస్యంగా.”

“పిల్ల క్షమిస్తుందా?”

“వెంటనే కాదు. అరగంట మాట్లాడదు. సినిమాలో అరగంటంటే రెండేళ్ళు.”

ఆమె చేతిలో అద్దం జారి ముక్కలైంది. వంగి ఏరుతూనే అంది. “నేను చెప్పలేనండీ. ఉత్తరం రాస్తున్నంతసేపూ అక్క ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది. చెప్పేస్తే నిజంగానే పోయినట్టు. బావే వచ్చి చెప్తాడు.”

“మీ బావ చెప్పడు. ఆ సంగతి మీకూ తెలుసు.”

“చెప్పడానికి మీరెవరు?”

నేనూ వంగి రెండు ముక్కలు ఏరి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇక ఈ జన్మలో నా మొహం చూడదనుకుని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మరుసటి ఆదివారం పొద్దున ఆమే ఫోన్ చేసింది. “రండి. నాకు ధైర్యం చాలట్లేదు.”

వెళ్ళేసరికి పిడుగు టీవీ ముందు కూర్చుంది. ఆమె డిస్కు చేత్తో పట్టుకుని, టీవీకి అడ్డంగా నిలబడింది.

“పెట్టేముందు ఒక మాట. ఆ ఉత్తరాలు నేను రాశాను.”

పిడుగు తలెత్తి పిన్ని మొహంలోకి చూసింది.

“అమ్మ...” అని ఆగిపోయింది ఆమె. నేను అందించగల మాట కాదది. గోడకానుకుని నిలబడ్డాను.

“అమ్మ చనిపోయింది, పిడుగూ. నాలుగు నెలలైంది.”

“తెలుసు,” అంది పిడుగు. మూడు వారాల తర్వాత పిన్నితో అన్న మొదటి మాట. “నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా. అమ్మకి నొప్పి పుట్టిందా?”

“పుట్టింది. చివరి రోజు లేదు. నిద్రపోయింది.”

“నన్నెందుకు పిలవలేదు?”

ఆమె నేలమీద కూలబడింది. “నువ్వు చూస్తే భయపడతావనుకున్నాం. పిలవాల్సింది. తప్పు నాదే.”

అప్పుడు ఏడ్చింది పిడుగు. రెండు పిడికిళ్ళతో పిన్ని మోకాళ్ళ మీద కొడుతూ ఏడ్చింది. ఆమె కొట్టించుకుంటూనే తానూ ఏడ్చింది. అక్క కోసం ఇంకొకరి ముందు తను ఏడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. ఇన్నాళ్ళూ కళ్ళు ఎర్రబడితే పిల్ల కనిపెడుతుందని ఏడవలేదట. సినిమా సంగతి ఎవరికీ గుర్తు లేదు.

“ఇంకెప్పుడూ ఉత్తినే చెప్పకు,” అంది పిడుగు ఎక్కిళ్ళ మధ్య.

“చెప్పను.”

మధ్యాహ్నానికి పిడుగు పిన్ని ఒళ్ళో తలపెట్టుకుని కళ్ళు మూసింది. ఆమె కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. నేను మంచినీళ్ళు తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఏడ్చిన ఆ మొహం చూస్తే ఇక లోపల దాచుకోవడం నావల్ల కాలేదు.

“నాకు మీరంటే ఇష్టమండీ,” అన్నాను మెల్లగా.

“ఇదా సందర్భం?”

“ఏ సందర్భానికి ఏది పనికొస్తుందో నాకు రాదని ఊరందరికీ తెలిసిపోయిందిగా.”

ఆమె నవ్వబోయి, పిల్ల లేస్తుందని చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. కళ్ళల్లోంచి మళ్ళీ నీళ్ళు కారాయి.

“పిన్నీ,” అంది పిడుగు కళ్ళు తెరవకుండానే. “ఆయన వెళ్ళిపోతాడా?”

ఆమె వెంటనే ‘వెళ్ళడు’ అనలేదు. ఉత్తినే చెప్పనని అప్పుడే మాటిచ్చింది మరి. జవాబు కోసం నావైపు చూసింది.

“సాయంత్రం వెళ్తాను,” అన్నాను. “రేపు మళ్ళీ వస్తాను.”

“నిజంగానా?”

అడిగింది పిడుగు కాదు, వాళ్ళ పిన్ని.

“నిజంగా,” అన్నాను.