మూత పెట్టిన గ్లాసు

"జూదగాళ్ళ ఊరికి నేను రాను. పోతే నువ్వు పో. మళ్ళా ఈ గడప తొక్కేటప్పుడు ఆలోచించుకో."

ఆ మాట అనేసి ఏబేలు కంచం ముందు నుంచి లేచిపోయాడు. సగం తిన్న అన్నం అలాగే ఉండిపోయింది. దయామణికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన అన్నం మీద నుంచి లేవడం ఇది రెండోసారి. మొదటిసారి రెండేళ్ళ కిందట... కూతురు జెస్సీ గోవాలో క్యాసినో ఉన్న హోటల్లో ఉద్యోగానికి చేరిందని తెలిసిన రోజున. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను మోగితే భార్య చేతిలో పెట్టి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఏం మగవాళ్ళో, ఏం పంతాలో! కన్న బిడ్డ గొంతు వినకుండా రెండేళ్ళు ఎలా ఉండగలిగాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఆ బిడ్డే ఇద్దరికీ రైలు టిక్కెట్లు తీసింది. తన పుట్టినరోజుకు అమ్మా నాయనా వచ్చి నాలుగు రోజులు తన ఊళ్ళో ఉండాలట. ఫోనులో జెస్సీ పంపిన మాటలను దయామణి అయిదుసార్లు పెట్టుకుని వింది. "మా, మార్కాపూర్ రోడ్డులో ఎక్కితే రైలు నేరుగా ఇక్కడికే. ముందు రెండు రోజులు ఏటి గట్టున ఉండే హోటల్లో ఉండండి. మూడో రోజు అక్కడ ఖాళీ చేసి మా హోటల్‌కి మారుదురు. స్టాఫ్ అమ్మానాయనలకు మా హోటల్లో రెండు రోజులు ఊరికే ఇస్తారు గానీ సోమవారం నుంచే ఇస్తారంట."

హాయిగా ఒకచోట ఉండక ఈ హోటల్ నుంచి ఆ హోటల్‌కు మారడమేమిటి? ఏట్లో పడవల మీద జూదమాడతారట, అవి మునగవా? అంత పెద్ద హోటల్లో తన బిడ్డ చేసే పని ఏమిటి? దయామణికి అన్నీ ప్రశ్నలే. చివరి ప్రశ్నకు మాత్రం జెస్సీ ఎప్పుడూ "ఆఫీసు పని మా" అని దాటేసేది.

ఊళ్ళో వాళ్ళకు ఆ సందేహం కూడా లేదు. తర్లుపాడు సెంటర్‌లో ఫ్యాన్సీ దుకాణం పెట్టుకున్న మాల్యాద్రి ఒకసారి స్నేహితులతో గోవా వెళ్ళొచ్చి, "మీ అమ్మాయిని చూసినా ఏబేలన్నా. నల్ల కోటేసుకుని క్యాసినో హోటల్లోకి పోతాంది. లోపల పేక ముక్కలు పంచేది ఆడపిల్లలే అన్నా" అన్నాడు. అంతే, ఏబేలు తల దించేశాడు. పలకల ఫ్యాక్టరీలో రాతి దుమ్ము మింగుతూ కూతుర్ని హోటల్ మేనేజ్‌మెంట్ చదివించినవాడు! "నా బిడ్డ ఎవరింట్లోనూ చీపురు పట్టగూడదు" అని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పినవాడు! చీపురు బదులు పేకముక్క పట్టిందని ఆదివారం ఆరాధనకు వెళ్ళినా వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

దయామణి మాత్రం ఈసారి తగ్గలేదు. జొన్నరొట్టెలు కాల్చి గుడ్డలో మూటగట్టింది. కందిపొడి, చింతకాయ పచ్చడి డబ్బాలకెత్తింది. ప్రయాణం రోజు ఆటో వచ్చి వాకిట్లో ఆగేసరికి ఏబేలు ఆదివారం చొక్కా వేసుకుని సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు తోడొస్తాండా. దాంతో మాట్లాడను. ముందే చెప్తాండా."

"మాట్లాడమని నేను అడిగినానా?" అంది దయామణి. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది.

స్టేషన్‌లో జెస్సీ పరుగెత్తుకుని వచ్చింది. సన్నబడింది. తల్లిని వాటేసుకుంది. "నాయనా, ప్రయాణం బాగా జరిగిందా?" అని తండ్రి చేతిలో సంచి అందుకోబోయింది. ఆయన సంచి ఇవ్వలేదు, బదులు ఇవ్వలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. జెస్సీ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది... ఆ చేతిలో దయామణి తన రొట్టెల మూట పెట్టింది.

ఏటి గట్టు హోటల్లో కిటికీ తీస్తే నీళ్ళ మీద మూడంతస్తుల పడవలు కనిపించాయి. పొద్దు గూకగానే వాటి నిండా రంగురంగుల దీపాలు వెలిగాయి. దయామణి కిటికీ వదల్లేదు. "కదలని పడవకు అన్ని దీపాలెందుకయ్యా?" అని అడిగింది. ఏబేలు ముఖం తిప్పుకున్నాడు గానీ, ఆమె స్నానానికి వెళ్ళి వచ్చేసరికి ఆయనే కిటికీ దగ్గర నిలబడి పడవలెన్నో లెక్కబెడుతున్నాడు.

రెండు రోజులూ జెస్సీ వాళ్ళను బీచికీ చర్చిలకూ తిప్పింది. "ఆ పడవల్లో లోపల ఎట్లుంటది?" అని తల్లి అడిగితే నవ్వింది. "నాకేం తెలుసు మా? మా హోటల్లో కింద ఉండే క్యాసినోలోకే నన్ను పోనియ్యరు. ఆ పని వేరే వాళ్ళది." ఏబేలుకు ఆ మాట వినబడింది. నమ్మినట్టు మాత్రం కనబడలేదు.

మూడో రోజు ఉదయం గది ఖాళీ చెయ్యాలి. ఇక్కడ దయామణి చేసిన పని ఆ హోటల్లో ఎవరూ చేసి ఉండరు!

ఏబేలు ఫ్యాక్టరీలో కుదరక ముందు, ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళేవాళ్ళు వాళ్ళు. రైతు చూపించిన కొట్టంలో నెల, నెలన్నర కాపురం. కోత ముగిసి ఇంకో ఊరికి కదిలేటప్పుడు ఆడవాళ్ళు ఆ కొట్టం ఊడ్చి, పేడతో అలికి, కుండ కడిగి, నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి మరీ బండెక్కేవాళ్ళు. తర్వాత ఎవరు దిగినా ముందు గొంతు తడుపుకోవాలి కదా! ఆ మూత పెట్టే పని చిన్నప్పుడు జెస్సీది. ఇంకెవరైనా పెడితే ఏడ్చేది.

అలవాటు ఎక్కడికి పోతుంది? దయామణి తడి తువ్వాలుతో గదంతా తుడిచింది. ముఖం ముడుచుకుని కుర్చీలో కూర్చున్న ఏబేలును "కాళ్ళు పైకి పెట్టు" అంటే పెట్టాడు. స్నానాల గది రుద్ది కడిగింది. అంతటితో ఆగితే బాగుండేది. "మనం పొర్లిన దుప్పట్లు ఇంకొకరు ఉతకడమేంది?" అని దుప్పట్లు కూడా ఉతికి బాల్కనీ కమ్మీల మీద ఆరేసింది!

కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూడడం మొదలుపెట్టారు. హోటల్ వాళ్ళు జెస్సీకి ఫోను చేశారు. జెస్సీ వచ్చింది, గది చూసింది, గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. బిడ్డ పరువు తీశానేమోనని దయామణి కమ్మీల మీది దుప్పట్లు లాగేసింది.

"తప్పు చేసినానా జెస్సీ?"

"లేదు మా..." ఆ పిల్ల తుడిచిన నేల వైపు చూసింది. "రోజుకు పద్నాలుగు గదులు. గదికి అరగంట. ఒక్క గదన్నా ఇట్ల విడిచిపెట్టి పోతే ఎంత సుఖమో..." అని చటుక్కున ఆగి, "పదండి, కారొచ్చింది" అంది.

పద్నాలుగు గదులు. గదికి అరగంట. ఆఫీసు పిల్లకు ఆ లెక్క ఎలా తెలిసింది? కారులో దారి పొడవునా దయామణి మనసు ఆ మాట దగ్గరే ఉంది.

రెండో హోటల్ ఇంకా పెద్దది. వాళ్ళను ఆరో అంతస్తు గదిలో దించి, డ్యూటీ ఉందని జెస్సీ వెళ్ళిపోయింది. దయామణి గదిని కలియజూసింది. తెల్లటి పరుపు, అద్దాలు, సీలు తీయని నీళ్ళ సీసాలు, అన్నీ మొదటి హోటల్లో ఉన్నట్టే ఉన్నాయి. మంచం పక్కన బల్ల మీద మాత్రం నిండా నీళ్ళు పోసిన గాజు గ్లాసు ఉంది. దాని మీద సాసరు మూత పెట్టి ఉంది.

దయామణి ఆ మూత ఎత్తి చూసి, మళ్ళీ పెట్టింది.

బయటికి నడిచింది. పొడవాటి వరండా చివర దుప్పట్లు, చీపుర్లు, బకెట్లతో ఒక బండి ఉంది. ఆ పక్క గది తలుపు తెరిచి ఉంది. లోపల నల్ల కోటు కొక్కేనికి తగిలించి ఉంది. స్నానాల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, జెస్సీ నేల రుద్దుతోంది.

"జెస్సీ..."

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. తల్లి చూపు చూసి తల దించుకుంది. "మీ గదికి మాత్రమే పెట్టినా మా, ఆ నీళ్ళు. చెయ్యి ఊరుకోలేదు."

"ఈ మాట చెప్పడానికేమైందే? రెండేళ్ళు మీ నాయన..."

"అందుకే చెప్పలేదు మా. పేక పంచుతాందనుకుంటే కోపం చేసుకుంటాడు, అంతే. చీపురు పట్టిందని తెలిస్తే కుమిలిపోతాడు. కోపమన్నా ఒకరోజుకు పోతది. నాయనకు చెప్పొద్దు మా, నా మీదొట్టు."

దయామణి కూతురి తడి చేతులు పట్టుకుని బోరున ఏడ్చింది. వేళ్ళు పగిలి ఉన్నాయి, అచ్చం మిరపకోతల్లో తన వేళ్ళలా...

కళ్ళు తుడుచుకుని గదికి వచ్చేసరికి ఏబేలు మంచం అంచున కూర్చుని గ్లాసు వైపే చూస్తున్నాడు. కొట్టాల్లో ఆయన తాగని నీళ్ళా అవి?

"ఆ మూత ఎవరు పెట్టినారు?"

దయామణి కొంగుతో మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

"చెప్పు. అది ఈడ గదులు ఊడుస్తాందా?"

బిడ్డ ఒట్టు పెట్టినా ఇక దాచి లాభం లేదు. ఆమె తలూపింది. ఏబేలు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "ఎవరి చెత్తా ఎత్తగూడదనే గదా నేను దుమ్ము తిన్నది... ఏం చదివిస్తే ఏం లాభం?"

ఆ మాటకు దయామణికి ఎక్కడలేని కోపం వచ్చింది. జీవితంలో ఎన్నడూ లేనిది, భర్త ముందు గొంతు పెంచింది. "చీపురు పట్టిన చేతులతోనే నీకు ఇన్నేండ్లూ అన్నం పెట్టినా. అప్పుడు నీకు ఎరుకైందా తప్పని? నువ్వు బాధపడతావని ఆ బిడ్డ రెండేండ్లు నిందలు మోసింది. నువ్వు ఏం మోసినావు దాని కోసం? ఒక్క మాట మొయ్యలేకపోయినావు."

ఏబేలు బదులు పలకలేదు. ఆ రోజు పలకలేదు, మర్నాడు కూతురి పుట్టినరోజు నాడూ పలకలేదు. జెస్సీ కేకు ముక్క చేతికిస్తే తీసుకున్నాడు గానీ తల ఎత్తలేదు. ఎంత దూరం వచ్చి ఏం ప్రయోజనమని దయామణి ఆ రాత్రంతా దిండు తడిపింది.

చివరి రోజు ఉదయం ఆమె తువ్వాలు తడిపి నేల తుడవబోతే ఏబేలు చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు కూర్చో. కాళ్ళు పైకి పెట్టు."

దయామణి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. మంచం కింద, బల్ల కింద, ఆయన మోకాళ్ళ మీద పాకుతూ తుడిచాడు. దగ్గు వస్తే ఆగి, మళ్ళీ తుడిచాడు. స్నానాల గది కడిగాడు. దుప్పట్లు మడత పెట్టాడు. చివరగా గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పోసి, సాసరు మూత పెట్టాడు.

అమ్మానాయనలు కిందికి దిగిపోయి ఉంటారనుకుంది జెస్సీ. అలవాటు ప్రకారం తలుపు తట్టి "హౌస్ కీపింగ్" అంది. తలుపు తెరిచింది నాయన.

ఆ పిల్ల బండి మీది చేతులు వెనక్కి దాచుకుంది. "నాయనా, అది... ఈ రోజు గదులు ఊడ్చే పిల్ల రాలేదని నేను..."

ఏబేలు ఆ చేతులు రెండూ ముందుకు తీసుకున్నాడు. పగిలిన వేళ్ళను తన రాతి వేళ్ళతో నిమిరాడు. కూతుర్ని లోపలికి తీసుకొచ్చి, ఊడ్చిన గదిలో, దుప్పట్లు మడిచిన మంచం మీద కూర్చోబెట్టాడు. గ్లాసు మీది మూత తీసి చేతికిచ్చాడు.

"నీళ్ళు తాగు తల్లీ. ఈ గది అయిపోయింది. ఇంక పదమూడేలే."

రెండేళ్ళ తర్వాత ఆయన కూతురితో అన్న మొదటి మాట అదే. జెస్సీ ఏడుస్తూనే నీళ్ళన్నీ తాగేసింది. ఏబేలు ఖాళీ గ్లాసు అందుకుని, కడిగి, మళ్ళీ నిండా నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాడు. మూత పెట్టబోయి ఆగి, సాసరు కూతురి చేతికిచ్చాడు.