పిలుపు దిబ్బ మీద పదిహేడు మెట్లు

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట, వాగు ఒడ్డున ఒక మట్టి దిబ్బ ఉంది. దాన్ని పిలుపు దిబ్బ అంటారు. పొద్దుగుంకాక ఆ పక్కగా పోవాల్సి వస్తే, ఎంత మొనగాడైనా తల వంచుకుని, చెప్పులు చేత పట్టుకుని పోతాడు. పోతూ పోతూ నోట్లో ఒక మాట అనుకుంటాడు —

"నీ పిల్లలు తిన్నరు తల్లీ. నువ్వు పో."

ఆ తల్లి ఎవరంటే పెద్దవాళ్ళు చెబుతారు. ఏనాటి మాటో. ఒకామె ఇద్దరు పిల్లల్ని గుడిసెలో ఉంచి, వెదురు కొమ్ముల కోసం వాగు దాటి అడవికి పోయింది. అసలే వానాకాలం. తిరిగొచ్చేసరికి వాగు పొంగింది. అవతలి ఒడ్డున తన గుడిసె కనబడుతోంది... గుడిసెలో దీపం కనబడుతోంది... దాటే దారి లేదు. దిబ్బ మీద అటూ ఇటూ తిరుగుతూ, గొంతు పోయేదాకా పిలిచింది.

"తిన్నరా... బిడ్డా, తిన్నరా..."

తెల్లారేసరికి దిబ్బ మీద ఆమె లేదు. వాగులోనూ దొరకలేదు.

పిల్లల్ని ఊరివాళ్ళు పెంచి పెద్ద చేశారు. ఆ సంగతి మాత్రం ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడా దిబ్బ గోల్ఫ్ కోర్సులో కలిసిపోయింది. అడవి అంచున ఏదో రిసార్టు వస్తోంది. కూలీలు దాన్ని 'బంతాట మైదానం' అంటారు. ఆటలో ఏడో గుంటకి బంతి కొట్టేది ఈ దిబ్బ మీది నుంచే. కొట్టినవాళ్ళు దిబ్బ దిగి, చెక్క వంతెన మీద వాగు దాటి, అవతల బంతిని వెతుక్కోవాలి. ఆ దిగే చోట మెట్లు వేయడం లతీఫా పని.

లతీఫా ఖమ్మం మనిషి. రాళ్ళు చెక్కే ఇంట్లో పుట్టింది. మెట్లంటే ఆమెకు ఒక పంతం. "కట్టినట్టు ఉండొద్దు, మొలిచినట్టు ఉండాలె," అంటుంది. రాయి ఆ చోటిదే అయి ఉండాలి. పాచి పట్టిన ముఖం పైకి రావాలి. మూడొంతుల్లో రెండొంతులు మట్టిలో ఉండాలి. చూసే కంటికి అడ్డదిడ్డంగా పడి ఉన్నట్టుండాలి కానీ, ఎక్కే కాలికి మాత్రం మెట్టుకీ మెట్టుకీ ఎత్తులో అర అంగుళం తేడా రాకూడదు. తేడా వస్తే మనిషి పడతాడు. ఆమె ప్రతి రాయినీ మూడుసార్లు కొలుస్తుంది. నాలుగోసారి తాను ఎక్కి దిగుతుంది.

రాయి పెట్టకముందే చేసే పని ఇంకొకటి ఉంది. దారి ఎటు పోవాలో తాను గీయదు. మనుషుల కాళ్ళు ఎటు పోతాయో చూస్తుంది. సాయంత్రం సన్న ఇసుక చల్లించి, పొద్దున అడుగులు చదువుతుంది. కాలికి నచ్చిన దారే దారి.

ఆ ఏడో గుంటతో పని అయిపోతుంది. సోమవారం నుంచి కూతురు షబ్రీన్‌కి పదో తరగతి పరీక్షలు. "పరీక్షకు నేనే తోలుకపోతా," అని మాట ఇచ్చింది లతీఫా. ఈ పనికి వచ్చిన నాలుగు నెలలుగా ఇచ్చి తప్పిన మాటలు చాలానే ఉన్నాయి. ఇది తప్పకూడదు.

ఇంట్లో షబ్రీన్, దాని తమ్ముడు, సరిగ్గా వినబడని వాళ్ళ నాయనమ్మ, దాదీ. తండ్రి లారీ మీద నెలకోసారి వస్తాడు. అందుకే రాత్రి ఎనిమిదైతే లతీఫా ఉన్నచోట ఉండలేదు. ఆమె ఉండే ఇనుప డబ్బా గదిలో సిగ్నల్ రాదు. ఉబ్బిన కాళ్ళ నుంచి బూట్లు ఊడదీసి మూలకు నెట్టి, ఫోను పైకెత్తుకుని చీకట్లోకి నడుస్తుంది. ఒక గీత... రెండు గీతలు... ఆ గీతలు ఎటు లాగితే అటు. చుట్టూ కొత్తగా పోసిన మట్టి గుట్టలు, అన్నీ ఒక్కలాగే. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే అడగాల్సినవి వరసగా అడుగుతుంది. గ్యాస్ కట్టేసిన్రా? గొళ్ళెం పెట్టిన్రా? తమ్ముడికి దగ్గు తగ్గిందా? చెవిలో పిల్లల గొంతు పడితే ఆమెకి ఇంకేదీ తెలియదు.

మంగళవారం పొద్దున ఇసుక చూసి ఆమె ఆగిపోయింది.

అడుగులున్నాయి.

చెప్పులు లేని అడుగులు. ఆడమనిషివి. టేపు తీసి కొలిచింది — ఎనిమిది అంగుళాల ముప్పావు. వెన్ను మీద ఏదో పాకినట్టయింది. అడుగులున్నందుకు కాదు... అవి నడిచిన తీరుకు.

ఇరవై ఏళ్ళుగా ఆమె అడుగులు చదువుతోంది. ఏ మనిషి అడుగైనా ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోతుంది. నీళ్ళకో, నీడకో, ఇంటికో. ఈ అడుగులు ఎటూ పోవడం లేదు. దిబ్బ నడుమ దాకా వచ్చి... ఆగి... వెనక్కి తిరిగి... మళ్ళీ అక్కడికే. వాగు వైపు నాలుగడుగులు దిగి, మళ్ళీ పైకి. పదిసార్లు. ఇరవైసార్లు. లేత గడ్డి నలిగి సన్నగా గీత పడింది.

ఇసుక చదును చేయించింది. బుధవారం పొద్దున మళ్ళీ అవే అడుగులు.

"నేను ముందే చెప్పిన గద మేడం," అన్నాడు బొజ్జయ్య మేస్త్రీ, దూరంగానే నిలబడి. "దిబ్బను తవ్వినం. ఆమెను లేపినం."

"ఎవర్ని బొజ్జన్నా?"

"పేరు తియ్యొద్దు. వారం నుంచి వినబడుతున్నది. వాగు పక్క మా గుడారం దాకా. రాత్రి అన్నాల యాళ్ళకు. ఒకపాలి కసురుతది, ఒకపాలి బుజ్జగిస్తది. మాటలు మన మాటల్లెక్క లేవు. నిన్న నేనే జూసిన..." గొంతు తగ్గించాడు. "మొఖం ఒక్కటే కనబడ్డది మేడం. కింద ఒళ్ళు లేదు."

"జూసి ఏం జేసిండో గూడ చెప్పమను," అంది వెనక నుంచి అతని తల్లి కొండమ్మ, ఇసుక తట్ట దించుతూ. "దుప్పటి ముసుగేసుకుని, నన్ను దర్వాజ దిక్కు పండవెట్టిండు."

కూలీలు కిసుక్కున నవ్వారు. కానీ ఒక్కరూ గడ్డపార అందుకోలేదు. పట్టపగలైనా సరే, ఆ దిబ్బ మీద రాయి పెట్టేది లేదన్నారు. పెద్దమనిషిని పిలిపించి శాంతి చేయించాలట. అది వచ్చే వారం గానీ కాదట.

వచ్చే వారం! లతీఫాకి కళ్ళ ముందు షబ్రీన్ కనబడింది — హాల్ టికెట్టు పట్టుకుని, ఆటో కోసం ఒక్కతే రోడ్డు మీద.

"ఎవరో తాగి తిరుగుతున్నరు, అంతే," అంది. "రేపు రాత్రి నేను కూసుంటా. పట్టుకుంటా. శుక్రవారం పొద్దున మీరు పనిలోకి రావాలె."

కొండమ్మ ఆమె దగ్గరికి వచ్చింది.

"పట్టుకునుడు కాదు బిడ్డా. జవాబు చెప్పాలె. ఇన్నేండ్లు దారిన పోయేటోళ్ళు నోట్లె గొణుక్కున్నరు గని, ఎదురుంగ నిలబడి చెప్పినోళ్ళు లేరు. అందుకే ఆమె ఇంక అడుగుతనే ఉన్నది."

గురువారం రాత్రి. చంద్రుడు లేడు.

దిబ్బ కింద రాళ్ళ కుప్ప వెనక లతీఫా కూర్చుంది. చప్పుడు కాకూడదని బూట్లు విడిచింది. వాగులో నీళ్ళు సన్నగా పారుతున్నాయి. అడవి వైపు నుంచి ఎండుటాకుల వాసన. ఎక్కడో ఒక పిట్ట ఒకసారి అరిచి ఊరుకుంది.

కళ్ళు చించుకుని దిబ్బ వైపే చూస్తోంది. ఎవరూ రాలేదు.

ఏడున్నర... ఏడూ ముప్పావు...

ఎవరూ లేరు. అయినా ఎవరో ఉన్నట్టే ఉంది. తాను ఎదురు చూస్తున్నట్టే, అక్కడ ఇంకెవరో కూడా ఊపిరి బిగబట్టి ఎదురు చూస్తున్నట్టు...

జేబులో ఫోను గుర్రుమంది. ఎనిమిది గంటల అలారం.

ఫోను చూసింది. వాగు పల్లంలో ఒక్క గీత కూడా లేదు.

ఇవాళ చేయకపోతే? పిల్ల చదువు మానేసి ఫోను ముందు కూర్చుంటుంది. చిన్నోడు ఏడుస్తాడు. దాదీకి గొళ్ళెం సంగతి గుర్తుండదు. దెయ్యం కాసేపు ఆగుతుంది, పిల్లలు ఆగరు.

లేచింది. ఫోను పైకెత్తి, దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది.

చీకట్లో కాలు ఎక్కడ పెడుతున్నదీ కనబడటం లేదు. అయినా కాలు తడబడలేదు. ఇక్కడ పల్లం, ఇక్కడ మెరక, ఇక్కడ కొంచెం ఎడమకి... కాళ్ళకు ఆ దారి తెలుసు. ఎట్లా తెలుసో ఆలోచించే తీరిక ఆమెకి లేదు. ఒక గీత వచ్చింది. రెండు గీతలు.

"అమ్మీ—" అంది షబ్రీన్. అంతే. చెవిలో గరగర.

"హలో? షబ్బూ? తిన్నరా బిడ్డా?"

గరగర. తర్వాత అదీ లేదు.

ఆమె నాలుగడుగులు వాగు వైపు దిగింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ పైకి వచ్చింది.

"హలో... గొళ్ళెం పెట్టిన్రా?... వినబడుతున్నదా? తిన్నరా?... బిడ్డా... తిన్నరా?"

చీకట్లోంచి ఎవరో జవాబు చెప్పారు.

"తిన్నరు తల్లీ."

లతీఫా ఒళ్ళంతా రాయి అయింది. ఫోనులోంచి కాదు ఆ మాట. వెనక నుంచి. బారెడు దూరం నుంచి.

"ఇద్దరూ తిన్నరు." అంది ఆ గొంతు. "ఇంక నువ్వు పో."

అరవబోయింది. ఆగింది. మెల్లగా... మెల్లగా... వెనక్కి తిరిగింది —

భళ్ళున టార్చి వెలుగు ముఖం మీద పడింది.

"అవ్వా!" బొజ్జయ్య కేక. "గిది... గిది మేడం!"

ఆ వెలుగులో కొండమ్మ. కళ్ళు గట్టిగా మూసుకుని, దోసిట్లో పసుపు కలిపిన బియ్యం పట్టుకుని నిలబడి ఉంది. బొజ్జయ్య చేతిలో టార్చి కిందికి వాలింది. వెలుగు లతీఫా పాదాల మీద పడింది. ఇసుకలో, చెప్పులు లేని పాదాలు. ఆ పాదాల వెనక... అటూ ఇటూ... అప్పుడే పడిన అడుగులు.

కొలవాల్సిన పని లేదు. ఎనిమిది అంగుళాల ముప్పావు.

ఇరవై ఏళ్ళుగా అందరి అడుగులూ చదివింది కానీ, తన అడుగు తనకి తెలియలేదు.

"అంటే... ఇన్ని రోజులు నేను ముసుగేసుకున్నది..." అన్నాడు బొజ్జయ్య.

"మేడం పిల్లలను అడుగుతుంటే," అంది కొండమ్మ, కళ్ళు తెరిచి. ఆమె నవ్వలేదు. దోసిట్లో బియ్యం లతీఫా కొంగులో పోసి ముడి వేసింది. "ఏడుస్తవేంది? అడిగినవ్, చెప్పిన. ఎవరో ఒకరు చెప్పాలె గద."

చేతిలో ఫోను మోగింది.

"అమ్మీ, ఏమైంది? ఎవరో అరిచిన్రు?"

"ఏం లేదు బిడ్డా. ఈడ దెయ్యాన్ని పట్టుకున్నరు."

"నిజంగనా! భయమైతలేదా?"

"అదంతా తర్వాత. ముందు తిన్నవా, చెప్పు."

శుక్రవారం పొద్దున్నే కూలీలంతా వచ్చారు. దారి ఎటు పోవాలని బొజ్జయ్య అడిగితే, లతీఫా గడ్డిలో పడిన ఆ గీత చూపించింది. కాలికి నచ్చిన దారే దారి కదా. అయితే ఆ దారి నడుమ నుంచి వెనక్కి తిరుగుతోంది. ఆ తిరిగే చోట ఒక వెడల్పాటి రాయి వేయించి, అక్కడి నుంచి కిందికి, వాగు దాకా కలిపించింది. రెండు రోజుల్లో పదిహేడు మెట్లు. ఎప్పటి నుంచో అక్కడే మొలిచి ఉన్నట్టున్నాయి.

ఇక్కడి దాకా బొజ్జయ్య ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. మిగిలిన ముక్క లతీఫా చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దుగుంకింది. రోడ్డు మీద జీపు హారన్ కొడుతోంది. సంచి భుజానికి వేసుకుని, పోయేముందు ఇంకొక్కసారి మెట్లు ఎక్కి చూసుకుంది. పదిహేడు. ఏ రాయీ కదల్లేదు. పైన నిలబడింది. ఫోనులో రెండు గీతలు. షబ్రీన్ మెసేజ్ — "తిన్నం అమ్మీ. జల్దీ రా."

నాకు జవాబు వచ్చింది, అనుకుంది.

కొంగు ముడి విప్పింది. పసుపు బియ్యం రాతి మీద పోసింది. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. అయినా గొణగలేదు. మనిషితో మాట్లాడినట్టు, పైకే అంది.

"నీ పిల్లలు తిన్నరు తల్లీ. పెద్దగైన్రు గూడ. కింది దాకా మెట్లేసిన. నువ్వు పో."

జీపు వైపు తిరిగింది. పది అడుగులు వేసిందో లేదో...

వెనక, రాతి మీద, చెప్పులు లేని కాలు ఆనిన చప్పుడు.

ఆమె తిరిగి చూడలేదు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... తొందరలేని అడుగులు. ఎక్కడా తడబడలేదు. తొమ్మిది... పది... పదహారు...

పదిహేడు.

తర్వాత నీళ్ళు కదిలాయి. తర్వాత, వాగు అవతలి ఒడ్డున, ఎండుటాకులు నలిగాయి.

మళ్ళీ వెనక్కి వస్తుందేమోనని లతీఫా అక్కడే చాలాసేపు నిలబడి విన్నది. ఒక్క అడుగు కూడా వెనక్కి తిరగలేదు.