ఆరో గుండు

మెకానిక్ బాబాయి ఫోన్‌లో సగం మాటే చెప్పాడు.

"జడ్జిగారి ఫ్రెంచి కారులో బాంబు పెట్టార్రా. పదింటికి పేలుతుంది. ఓ గుండులో ఉంది. ఏ గుండంటే..."

తుపాకీ మోగింది. ఆ తర్వాత ఫోన్ నేలమీద పడిన చప్పుడు.

ఇవతల వింటున్నది అతని అన్న కొడుకు. బాబాయి షెడ్డులోనే పెరిగాడు కాబట్టి సీక్రెట్ సర్వీసులో అతన్ని ఏజెంట్ పానా అంటారు.

"ఏడుపు తర్వాత," అన్నాడు చీఫ్. "పైన కోర్టు హాల్లో రెండు వందల మంది. జడ్జిగారు విదేశీ ముఠా మీద తీర్పు చదవబోతున్నారు. కారు సరిగ్గా ఆ హాలు కిందే ఉంది. మెట్లదారి ఒక్కటే, అందర్నీ దించేలోపు పది దాటుతుంది. ఫ్రెంచి కార్ల క్లబ్ సెక్రటరీ మన మనిషే, అక్కడికొస్తుంది. కోడ్ వర్డ్ వర్షం. కదులు."

తొమ్మిదీ యాభై రెండు. జడ్జిగారి కారు కదలకుండా నాలుగు టైర్లూ కోసి ఉన్నాయి. పక్కనే సెక్రటరీ మేడమ్ ఎర్ర కారు, అదీ ఫ్రెంచిదే. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, చేతిలో మాన్యువల్.

"వర్షం," అందామె.

చక్రాల కుదుపుల్ని మింగే ఇనప గుండ్లు ఆ కారులో ఆరు. వాటి పేర్లే పెద్ద తలనొప్పి. మాన్యువల్‌ని ఫ్రెంచి నుంచి అనువదించిన మహానుభావుడు వాటిని గోళ జీర్ణాశయాలన్నాడు. కేటలాగ్‌లో పీడన బుడగలు. పేరు నమ్మి ఆర్డరిచ్చిన ఓ డాక్టరుకి హెడ్‌లైట్ అద్దం వచ్చింది. అందుకే బాబాయి ఎవరొచ్చినా ఒకటే మాట: "పేరు చెప్పకు, పాతది పట్టుకురా." ఆ కార్ల వాళ్లందరూ విప్పిన ప్రతి ముక్కనీ పేపర్లో చుట్టి డిక్కీలో దాచుకుంటారు.

ఒక్క గుండు విప్పడానికే టైముంది.

"పేజీ నలభై. ప్రధాన గోళ జీర్ణాశయం. ముందున్నదే!" అంది మేడమ్.

పానా తల ఎత్తాడు. మాన్యువల్‌ని నమ్మే ఓనర్‌ని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మీ కారు కొని ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

అతను ఎర్ర కారు డిక్కీ తెరిచాడు. ఒక హైహీల్స్ జత. పాత బోల్టు కూడా లేదు. ఈమె క్లబ్ సెక్రటరీ కాదు, కోడ్ వర్డ్ కొట్టేసిన ముఠా మనిషి.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే అతని బేడీ పడింది. రెండో కొస జడ్జిగారి కారు స్టీరింగ్‌కి. బ్యాగ్‌లో పిస్టల్ ఇంకా తుపాకీ మందు వాసన కొడుతోంది. బాబాయిని కాల్చింది ఈమే.

జడ్జిగారి డిక్కీలో ఐదు పేపరు ఉండలు, బాబాయి విప్పి మార్చిన పాత గుండ్లు. ఐదింటి మీదా బాబాయి చేతిగీత: కారు బొమ్మ, చోటు తెలిపే ఓ చుక్క. వెనక ఎడమ చక్రానికి మాత్రం బొమ్మ లేదు. అంటే అక్కడిది బాబాయి మార్చలేదు. మరి అదీ కొత్తగా మెరుస్తోందే!

తెలిసిపోయింది. అయినా పానా ముందు గుండుకే రెంచి తగిలించాడు.

"మీరు చెప్పిందే విప్పుతా మేడమ్. తప్పయితే ఇద్దరం కలిసే పోదాం."

ఐదు నిమిషాలే మిగిలాయి.

"ఆగు! అది కాదు!"

"మా బాబాయి కూడా ఏదో చెప్పబోయాడు. మీరు ఆగారా?"

ఆమె బేడీ గుంజుకుంది. మణికట్టు చీరుకుపోయి రక్తం కారింది. అతను కదలకుండా చూశాడు. ఆ చూడటంలో అతనికి హాయిగా ఉంది, సిగ్గేమీ కలగలేదు.

"వెనక... ఎడమది! నీ కాళ్లు పట్టుకుంటా!"

అప్పుడు వెళ్లాడు. నేలమీద పడుకుని చెయ్యి దూర్చి గుండు విప్పి, లోపలి తీగ కోశాడు. గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాయి. పైన జడ్జిగారు తీర్పు చదవడం మొదలుపెట్టారు.

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్. రిపోర్టులో రాయాలి, బాంబు ఏ పార్టులో ఉంది? దాని పేరేంటి?"

పానా గుండుని పేపర్లో చుడుతున్నాడు.

"పేరు అడక్కండి సార్. పాతది పట్టుకొస్తున్నా."