పలక మీద పేరు

బడి పిల్లలంతా కొండ అంచున కట్టిన తాడు వెనక నిలబడి సముద్రం వైపు చూస్తున్నారు. చలిగాలికి అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. చలికాలమంతా నడిసముద్రంలో గడిపిన పఫిన్ పిట్టలు వసంతం రాగానే ఈ కొండలకు తిరిగొస్తాయి. మొదటి పిట్టను చూసినవాళ్ళ పేరు అంగడి బయట పలక మీద రాస్తారు. ఫారో దీవుల్లోని ఆ చిన్న ఊళ్ళో అంతకు మించిన గొప్ప లేదు.

రన్వాకు ఆ గొప్ప అక్కర్లేదు. వాళ్ళ నాన్న చేపల ఓడెక్కి మూడు నెలలైంది. పఫిన్లు వచ్చేసరికి వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ మాటే పట్టుకుని కూర్చుంది పిల్ల.

దూరంగా అలల మీద నల్లగా ఏదో మునిగి తేలింది.

"అదుగో పఫిన్. ఎర్రముక్కు కూడా కనిపించింది" అనేసింది రన్వా.

ముక్కు కనిపించలేదని ఆమెకు తెలుసు. కానీ అలా అనగానే నాన్న కాస్త దగ్గరకొచ్చినట్టనిపించింది. సాయంత్రానికి పలక మీద పేరెక్కింది.

మర్నాడు పిట్టలను చూడాలని తాత కొండకు బయల్దేరాడు. ఎనభై ఏళ్ళు, పైగా మోకాళ్ళ నొప్పులు. అమ్మ ఎంత వద్దన్నా వినలేదు. రన్వా భుజం పట్టుకుని, పదిచోట్ల ఆగి పైకెక్కాడు. గంటసేపు బైనాక్యులర్స్‌తో వెతికి, చివరికి కళ్ళు తుడుచుకున్నాడు.

"నా చూపు పోయినట్టుందమ్మా. వచ్చిన పిట్టలు కూడా కనబడట్లేదు."

రన్వా తాత చేతిలోని బైనాక్యులర్స్ కిందికి దించింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి తాతా. నేనే చూడలేదు. అవి వస్తే నాన్న వస్తాడని అలా చెప్పాను."

తాత తన మఫ్లర్ తీసి ఆమె మెడకు చుట్టాడు.

"చలికాలమంతా నేను కిటికీ దగ్గర కూర్చున్నది ఒక్క పిట్టల కోసమేననుకున్నావా? వాడు నా కొడుకు కాదూ?"

కొండ దిగగానే రన్వా నేరుగా అంగడికి వెళ్ళి, అందరూ చూస్తుండగా పలక మీది తన పేరు తుడిచేసింది.

"ఏం, పిట్ట ఎగిరిపోయిందా?" అని వెక్కిరించాడు తరగతిలోని హనుస్.

"రానేలేదు. నేను అబద్ధం చెప్పాను" అంది రన్వా. చెవులు వేడెక్కిపోయాయి.

ఆ సాయంత్రం ఓడ నుంచి నాన్న ఫోన్ చేశాడు. పిట్టలు వచ్చాయా అని ఆశగా అడిగాడు. ఔనంటే ఎంత సంబరపడేవాడో. రన్వా తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా రాలేదు నాన్నా. నేనూ తాతా రోజూ చూస్తున్నాం."