అత్తిపత్తి నవ్వాడు

మూడు వారాల్లో ముగ్గురు ఏజెంట్లు దొరికిపోయారు. మారువేషాలు బాగానే ఉన్నాయి, పాస్‌పోర్టులూ బాగానే ఉన్నాయి. కొంప ముంచింది వేరే. ఆ ముగ్గురికీ సోషల్ మీడియాలో ఒక్క ఫోటో కూడా లేదు. వాళ్ళు చొరబడబోయిన విదేశీ ముఠా గుమ్మం దగ్గర వెతికేది అదే. తన మానాన తాను బతికేవాడు ఈ రోజుల్లో దొంగో గూఢచారో అయ్యుండాలి. ఇదీ మన లోకం తీరు.

"నువ్వూ ఎకౌంట్ తెరువు. అసలు పేరు, అసలు ముఖం," అన్నాడు చీఫ్.

అత్తిపత్తికి చెమటలు పట్టాయి. డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, ముడుచుకుపోతాడు. పన్నెండేళ్ళుగా తుపాకులకు ఎదురెళ్ళాడు గానీ గ్రూప్ ఫోటోకి నిలబడలేదు. ఈ ఉద్యోగంలో చేరిందే ఎవరికీ కనబడక్కర్లేదని.

"వేరే దారి లేదా సార్?"

"శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నగరంలో ఆస్పత్రులన్నిటికీ కరెంటు పోతుంది, జనరేటర్లతో సహా. కరెంటు తీసే సిగ్నల్ వెళ్ళేది ఆ ముఠా హోటల్లో ఇస్తున్న పార్టీలోంచి. దారేదైనా ఉంటే నువ్వే చెప్పు."

అక్కడ చిలక ఉంటుందట. ఇరవై లక్షల ఫాలోయర్లున్న అందగత్తె, ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. సిగ్నల్ పంపే ఫోన్ ఎవరిదో ఆమె చూపిస్తుంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన జామర్ పెన్ను మూరెడు దూరంలోకి తెచ్చి నొక్కితే ఆ ఫోన్ చస్తుంది.

ఎకౌంట్ తెరిచిన గంటకే అక్క పట్టేసింది. తమ్ముడు గోడౌన్‌లో గుమాస్తా అని ఆవిడ నమ్మకం. ఆరేళ్ళప్పుడు గౌను తొడిగి తీసిన ఫోటో పెట్టి, ఈ సిగ్గులమారి బతికే ఉన్నాడర్రా అని రాసింది. బాబాయిలు, మేనత్తలు, వేలు విడిచిన బావలు ఎగబడ్డారు. ఒకాయన పెళ్ళెప్పుడన్నాడు. ఒకావిడ బట్టతల వస్తోందని, చేటల్లాంటి చెవులు మాత్రం అలాగే ఉన్నాయని చాటింపు వేసింది. తీసెయ్యవే అని బతిమాలితే అక్క ఇంకో నాలుగు పెట్టింది.

శుక్రవారం కాపలావాడు అతని ముఖం ఫోన్‌లో వెతికాడు. ఎకౌంట్ వయసు మూడు రోజులు. వాడి చెయ్యి నడుం దగ్గరి తుపాకీ మీదికి పోయింది. అంతలో గౌను ఫోటో కనబడింది. కిందున్న ఎత్తిపొడుపులు చదివి పగలబడి నవ్వాడు. ఇలాంటి చుట్టాల్ని ఏ గూఢచారి సంస్థా తయారుచెయ్యలేదు. లోపలికి పంపేశాడు.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలు. చిలక ఫోన్ పట్టుకుని లైవ్‌లో ఉంది. కెమెరాకి అడ్డం రాకుండా కళ్ళతోనే పక్క గది చూపించింది. అత్తిపత్తి అటు కదలబోతూ ఆమె వెనకున్న అద్దంలోకి చూశాడు. ఆమె ఫోన్‌లో, ఎగురుతున్న లైకుల కింద, సెకన్లు తరుగుతున్నాయి. చిలక అమ్ముడుపోయింది.

మూరెడు దూరంలోకి వెళ్ళాలంటే ఆమె పక్కన నిలబడాలి. కెమెరా ముందు. గోడలోకి దూరిపోదామనిపించింది. ఎక్కడో వెంటిలేటర్ మీద ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. వెళ్ళాడు.

"ఎవరండీ ఈ బిడియస్థుడు? నవ్వండి, లోకమంతా చూస్తోంది," అంది చిలక.

నవ్వాడు. ఏడ్చినట్టుంది. పెన్ను నొక్కాడు. రెండు సెకన్లుండగా ఫోన్ నల్లబడింది. బయట మాటువేసిన మన కమాండోలు దూసుకొచ్చి చిలకకు బేడీలు వేశారు.

ఆస్పత్రుల్లో ఒక్క దీపమూ ఆరలేదు. ఆ నవ్వు మాత్రం అప్పటికే ఊరూరా తిరుగుతోంది. ఇక నీకు ఫీల్డ్ లేదయ్యా అన్నాడు చీఫ్ ఫోన్‌లో. వీడియో తీసేయించండి సార్ అంటే, అది మన చేతుల్లో లేదన్నాడు. ఊరిని కాపాడినవాడి ముఖాన్ని కాపాడే నాథుడు లేడు.

ముఖానికి తువ్వాలు చుట్టుకుని హోటల్ వంటింటి దారిన బయటపడబోయాడు. గిన్నెలు తోముతున్న ముసలావిడ, కుళాయికి ఆనించిన ఫోన్‌లో ఆ నవ్వే చూస్తూ తలెత్తింది.

"ముఖం కప్పుకుంటే ఏం లాభం నాయనా, చెవులు బయటే ఉన్నాయిగా," అంది.