వంకాయ కూర క్యారియర్

"ఐదుగురు విదేశీ స్మగ్లర్లు. మూడేళ్ల కిందట సరిహద్దు దగ్గర మన గస్తీ బోటు వాళ్ల పడవను కాల్చి ముంచేసింది. ఫైల్ క్లోజ్. ఇప్పుడు మునిగిన ఆ పడవను ఓ విదేశీ ముఠా వీడియో తీయబోతోంది."

చీఫ్ తిరుమలరావు బల్ల మీద ఒక ఫొటో, ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టాడు. ఫొటోలో నల్ల కళ్లద్దాల సుందరి.

"ముఠా నాయకురాలు, డాక్టర్ సరోజిని. ప్రభుత్వాలు చేసే నేరాల మీద పరిశోధనట! అదీ ఓ చదువే!"

ఏజెంట్ రాజ్‌కిరణ్ క్యారియర్ విప్పాడు. పై గిన్నెలో చౌల్దారీ ఊరి వంకాయ కూర. కింది గిన్నెల్లో ఎక్స్‌ప్లోజివ్, టైమర్.

"మెకానిక్ వేషంలో వెళ్లు. పడవ ఆగగానే అడుగు గిన్నె తిప్పు. ఐదు నిమిషాల టైముంటుంది. నీళ్లలో వదిలేసి ఇంజిన్ స్టార్ట్ చేసి వచ్చెయ్. మునిగిన పడవ ముక్కలైపోతుంది. ముఠాలో మన సోర్స్ ఉంది. 'చౌల్దారీ వంకాయ కూర తెచ్చాను' అను. 'పుచ్చులు ఏరారా?' అని జవాబొస్తుంది."

"స్పాట్ సరిహద్దు దగ్గరే కదా సార్?"

"ఆమె ఎక్కడ ఆగితే అక్కడ."

అడిగినదానికి జవాబు అది కాదు. అయినా రాజ్‌కిరణ్ సెల్యూట్ కొట్టాడు. అలవాటు మరి!

మర్నాడు పొద్దున్న వండూర్ రేవులో పడవ యజమాని సూరయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏటి భయ్యా, మెకానిక్కువా? ఆ గోళ్లేటి, ఆపీసరు గోళ్లనాగున్నాయి?"

రాజ్‌కిరణ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సరోజిని అప్పటికే పడవలో కూర్చుంది. డీజిల్ ఒక్క డబ్బాయే ఉంది. రాజ్‌కిరణ్ ఇదే దీవిలో, బాంబూఫ్లాట్ జాలరి ఇంట పుట్టినవాడు. ఒక్క డబ్బాతో సరిహద్దుకు వెళ్లి రావడం కల్ల!

అరగంటకే సూరయ్య "ఆపు!" అని అరిచాడు. ఒడ్డున కొబ్బరి చెట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రాజ్‌కిరణ్ వీపు తిప్పి గిన్నె తిప్పాడు. టైమర్ మొదలైంది.

"సరిహద్దు ఇంకా వంద కిలోమీటర్లుంది. ఇక్కడేం చూస్తావ్?" అన్నాడు సూరయ్యతో.

"జెట్టీ టవరు, దానెనక కొండ నెత్తి ఒక గీతలోకొచ్చినాయా? ఇక్కడే. వలేస్తే అడుగునున్న పడవకి తగిలి చిరిగిపోతాది. మావోళ్లందరికీ ఎరికే."

"స్మగ్లర్లు పోతే నీకేంటి బాధ?"

సూరయ్య తెడ్డు ఎత్తాడు. "మళ్లీ అను! అందులో పోనోడు నా కొడుకు కన్నబాబు రా! చేపలకెళ్లినాడు. చావు సర్టిఫికెట్టడిగితే, పారిపోనాడు అని రాసిచ్చినారు, దొంగనాయాళ్లు!"

సరోజిని కళ్లద్దాలు తీసి, నిన్న నీళ్లలో తీసిన వీడియో చూపించింది. నాచు పట్టిన పడవ ముక్కు మీద తెలుగు అక్షరాలు. రాజ్‌కిరణ్ చదివింది హిందీ మీడియం. కూడబలుక్కున్నాడు. "రా... మ... ల..."

"రామలక్ష్మి. ఆడి తల్లి పేరే," అన్నాడు సూరయ్య.

రాజ్‌కిరణ్‌కు సిగ్గేసింది. తర్వాత ఒళ్లు మండింది. ఆ స్మగ్లర్ల ఫైల్‌ను మూడేళ్లుగా దేశభక్తితో మోస్తున్నది తనేనాయె!

గిన్నె తెరిచాడు. నలభై సెకన్లు.

"చౌల్దారీ వంకాయ కూర తెచ్చాను," అన్నాడు, సోర్స్ ఉంటే సాయం చేస్తారని.

"పుచ్చులు ఏరారా?" అంది సరోజిని.

"నువ్వా సోర్స్!"

"రెండేళ్లుగా పేరు దాచి మీ చీఫ్‌కి సోర్స్‌గా నటిస్తున్నాను. ఇవాళ వస్తున్నామని చెప్పింది నేనే. వీడియో ఒక్కటే చూపిస్తే ఫేక్ అంటారు. వాళ్ల బాంబు వాళ్లే పంపిస్తే? అడుగున డిపార్ట్‌మెంట్ ముద్ర, నంబరు పక్కా ఉంటాయి. ఇక వైరు పీకుతావా, లేక అందరం కలిసి పోదామా?"

నాలుగు. మూడు. పీకేశాడు.

టైమర్ రెండు దగ్గర నిలిచిపోయింది. సూరయ్య తెడ్డు దించి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

వారం తిరక్కుండా వీడియో, క్యారియర్ రెండూ కోర్టుకు చేరాయి. ఆ సాయంత్రమే చీఫ్ ఫోన్ చేశాడు.

"ఆ క్యారియర్ వెంటనే వెనక్కి తెచ్చి అప్పజెప్పు!"

"కోర్టులో ఉంది సార్," అన్నాడు రాజ్‌కిరణ్. "మీదేనని సంతకం పెడితే ఇస్తారట. కూర మాత్రం పాడైపోయింది."