తోడుచోదకం

2086 నాటికి హైదరాబాదులో కార్లకు స్టీరింగులు పోయి ముప్పై ఏళ్లయింది. మనుషులు ఎక్కి కూర్చుంటే యంత్రాలే తీసుకెళ్లేవి. అయినా సొంత చేతులతో బండి నడపాలన్న కోరిక చావలేదు. విజయవాడ వైపు వెళ్లే టోల్ ఎక్స్‌ప్రెస్‌వేను అలాంటివాళ్లకు వదలమని డాక్టర్ సువర్చల పదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది.

ఆమె కనిపెట్టిన తోడుచోదకం అనే కో-డ్రైవింగ్ యంత్రం దారి పొడుగునా పాఠం చెబుతుంది. నడిపేవాళ్లు పొరపడితే, చేతికి తెలియకుండా స్టీరింగును సరిచేస్తుంది. ఎన్నిసార్లు సరిచేసిందో దిగేటప్పుడు పైకి చెబుతుంది. ఆ యంత్రం పరీక్ష గట్టెక్కితేనే రోడ్డుకు అనుమతి.

పరీక్షకు ఆమె మౌలాలిని పిలిపించింది. వయసులో ఉండగా లారీ తోలినవాడు, ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. హయత్‌నగర్ టోల్‌గేటు దగ్గర వేగం తగ్గించమని యంత్రం చెప్పింది. గేటు దాటాక ఎడమ వరుసలో ఉండమంది. ముందు బండిని దాటాలంటే అద్దం చూసుకుని కుడికి రమ్మంది. మౌలాలి బుద్ధిగా తలూపాడు. చౌటుప్పల్ దాటేసరికి కూనిరాగం మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న సువర్చల మనసు కుదుటపడింది.

నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు దిగాక యంత్రం, "పదకొండు సార్లు సరిచేశాను," అంది.

మౌలాలి నవ్వాడు.

"మా క్లీనరు ఇంతకన్న ఎక్కువనే అరిచెటోడు మేడమ్. రేపు మళ్ల వస్త."

తిరుగు ప్రయాణంలో సువర్చల నడిపింది. మలుపులన్నీ నున్నగా తిరిగాయి. తనకింత బాగా వచ్చని ఆమెకే తెలియదు. హయత్‌నగర్‌లో దిగబోతుంటే యంత్రం నూట నలభై రెండు అంది. లెక్క తప్పిందేమో మళ్లీ చూడమంది సువర్చల. చూసి అదే చెప్పింది. ఆమె చెవులు వేడెక్కాయి. మౌలాలి మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

అనుమతి వచ్చింది. రోడ్డు తెరిచే ముందు సువర్చల యంత్రంలో ఒక్క మార్పు చేసింది. ఇక లెక్క అడిగినవాళ్లకే చెప్పాలి.

ఏడాదిలో నాలుగు లక్షల మంది ఆ దారిన నడిపారు. అందరూ వెలిగే మొహాలతో దిగారు. లెక్క అడిగేది మౌలాలి ఒక్కడే. మొన్న అతనిది నాలుగుకు దిగింది.

సువర్చల ప్రతి ఆదివారం నడుపుతుంది. ఇప్పుడు తన చెయ్యి బాగా తిరిగిందనీ, యంత్రానికి పెద్దగా పని ఉండడం లేదనీ ఆమె నమ్మకం.